అర మార్కు ప్రశ్న

ఎనిమిదో తరగతి, బి సెక్షన్. నలభై ఒక్క పేపర్లు.
కరెంటు పోయి గంటైంది.
కంచరపాలెంలో గాలి కూడా సెలవుచీటీ పెట్టినట్టుంది.
చార్జింగ్ లైటు కింద, మోచేతి చెమటకి
ఎర్రసిరా అలుక్కుపోతోంది.

ఏడో ప్రశ్న నేనే ఇచ్చాను:
కుండపోత. వ్యతిరేక పదం రాయుము.
తుంపర అంటారనుకున్నాను.
చినుకన్నా, జల్లన్నా ఇచ్చేద్దామనుకుని
మూడూ ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

మొదటి కట్టలోనే పిన్నింటి యశ్వంత్:
ఉక్కపోత.
నవ్వేసి పక్కన పెట్టబోయి మళ్ళీ చదివాను.
ఒకటి మబ్బులోంచి పోత, ఇంకోటి ఒంట్లోంచి.
వీడి నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో, కొలిమి పక్కన, కాంట్రాక్టు మీద.
సముద్రం ఉంది కదా, మీ ఊరు చల్లన అనేవాళ్ళు
మే నెలలో వచ్చి మా వరండాలో ఒక్క చొక్కా ఆరేసుకోవాలి.
ఇచ్చాను, అర మార్కు.

తర్వాతి వాడు గైడులోంచి నేరుగా దించాడు,
అనావృష్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో.
టిక్కు పెట్టాను. ఏమీ అనిపించలేదు.

మైలపల్లి తరుణ్: వేట.
పక్కనే పెన్సిల్‌తో, చెరిపీ చెరపనట్టు,
"వానొస్తే వేట నేదు మేడం."
హార్బర్లో మూడో నంబరు జెండా ఎగిరిన రోజుల్లో
వాళ్ళింట్లో పొయ్యి ఎన్ని పూటలు వెలుగుతుందో
హాజరు పట్టీలో లెక్క ఉంటుంది,
మధ్యాహ్న భోజనానికి ఒక్క రోజూ మానడు.

షేక్ ఆరిఫా: బొగ్గుపొడి.
కోటవీధిలో కిటికీ గట్టు మీద వేలితో పేరు రాసుకునే పిల్ల.
పోర్టు మీంచి వచ్చే ఆ నల్లటి పొరని
కడిగేది వానొక్కటే, వాళ్ళమ్మ కొంగు కాదు.
అరకి అర.

ఇక్కడిదాకా బాగానే ఉంది.
ముప్ఫై మూడో పేపరు. సీపాన మోనిక.
కుండపోత, పక్కన గీత, గీత మీద ఒకే మాట:
నిద్ర.

ఎర్రకలం ఆగింది.
వాళ్ళిల్లు కొండవాలులో, నూట నలభై మెట్ల పైన.
వెనక గోడకి కొండే గోడ.
వాన దంచిన రాత్రి తల్లి ఆ గోడకి అరచెయ్యి ఆన్చి
తెల్లవార్లూ కూర్చుంటుందట,
రాయి కదిలితే ముందు గోడకి తెలుస్తుందని.
పిల్లలు చెప్పులేసుకునే పడుకుంటారట.
ఇదంతా తర్వాతెప్పుడో ఆయమ్మ చెప్పింది నాకు.
అంతకు ముందే, కిందటి అక్టోబరులో,
సంధులు చెబుతుంటే మూడో బెంచీలో తల వాల్చిన పిల్ల మీదికి
నేను సుద్దముక్క విసిరాను.
తగల్లేదు.
తగిలినా లేచేది కాదనుకుంటాను.

మా అమ్మ దగ్గర ఇంకో మాట ఉండేది, తెరిపి.
బొబ్బిలిలో, వసారాలో నిలబడి,
"తెరిపిచ్చిందే, పరుగెట్టు" అనేది,
కిరసనాయిలు సీసా చేతిలో పెట్టి.
తెరిపంటే వాన వెలవడం కాదు.
వాన మనకి అప్పిచ్చిన పావుగంట.
కొట్టుకెళ్ళి రావాలి, దండెం మీది గుడ్డలు తియ్యాలి,
ఆ వడ్డీ మళ్ళీ నెత్తి మీదే కట్టాలి.
అంత మంచి మాట
నా జవాబుల కాగితంలో ఎందుకు లేదో.

నిద్రకి ఎంతివ్వాలి?
ఒప్పంటే హెడ్మాస్టరు గారు పిలిచి అడుగుతారు.
తప్పని ఆ మాట మీద అడ్డగీత గియ్యడానికి
చెయ్యి రాలేదు.
పేపరు అట్టే ఉంచి లేచాను.

డాల్ఫిన్స్ నోస్ వైపునుంచి తడివాసన.
వరండా రేకు మీద టప్‌మని ఒకటి, ఆగి ఇంకోటి.
హమ్మయ్య అని ముఖం పైకెత్తాను, కళ్ళు మూసుకుని.
తెరిచేసరికి
ఎదురుగా కొండ మీద దీపాలు.
కరెంటొచ్చింది కాబోలనుకున్నాను.
వెనక మా ఇల్లు చీకటిగానే ఉంది.

దీపాలు కావు, సెల్‌ఫోన్ టార్చిలు.
ఒక గుమ్మంలో ఒకటి, పై గుమ్మంలో ఒకటి,
మెట్ల వెంట ఒక్కొక్కరే లేస్తున్నారు.

ఇంకా తుంపరే.