వాలు

నాన్న చేతికి తెలిసిన విద్య ఒక్కటే: చదును.
అక్కయ్యపాలెంలో, సీతమ్మధారలో
ఎవరింటి గచ్చైనా సరే
చిప్స్ పరిచి, సిమెంటు పోసి, మూడుసార్లు మిషను తిప్పి
ఒలికిన నీళ్లకి ఎటు పారాలో తోచనంత
చదును.

పెదనాన్న దేముడు ఓడ మీద ఆయిలరు.
టైల్సు చేసే తెల్లమట్టి దించడానికి
రవెన్నా రేవులో పదకొండు రోజులు నిలబడిపోతే
పొద్దుపోక, అద్దె సైకిలు తొక్కి
ఊరవతల పాతకాలం చర్చి చూసొచ్చాడు.

"బయట సూస్తే మన రైల్వే గోడౌనే, ఉత్త ఇటికలు.
లోపలికెళ్తే రెండు వరసల పాలరాతి స్తంబాలు.
రాతిలో అలలు తమ్ముడా,
సముద్రాన్ని నిలువునా కోసి నిలబెట్టినట్టు!
కొసాకరి గోడ ఏనుగు ఈపులా గుండ్రం.
తొట్లకొండ మీద ఇటికల పునాది లేదూ, ఆ వంపే.
వంపులో పచ్చిక. పచ్చిక మీద పన్నెండు గొర్రెలు.
అన్నీ గోరంత గాజుముక్కలే."

నాన్న అడిగింది ఒకటే:
"పాలిషు ఎలా పట్టారు?"

"పట్టలేదు.
ముసలాయనొకడు సేతుల్తో సెప్పేడు,
ఒక్కో ముక్కా ఒక్కో వాలంట.
నున్నగుంటే ఎలుగు సచ్చిపోద్ది."

ఆ రాత్రి నాన్న సగం అన్నంలో లేచిపోయాడు.
ముప్పయ్యేళ్ల చదును.

మరుసటేడు మల్కాపురంలో
రేకుల కప్పు చర్చికి సున్నం వెయ్యమన్నారు ఫాదర్ మరియన్న.
"పీఠం వెనక వంపు నాకొదిలెయ్యండి" అన్నాడు నాన్న.
కురుపాం మార్కెట్లో పగిలిన గాజులు, కిలోల లెక్కన.
గోలీసోడా సీసాలు. ఎవరివో బాత్రూం టైల్సు.
అక్కడ గాజు పొరల మధ్య బంగారు రేకు పెట్టేవారట,
మేం సిగరెట్టు పెట్టెల తళుకు కాగితం పెట్టాం.
పాన్‌షాపుల ముందు వంగి వంగి ఏరింది నేనే.

గొర్రెలు ఆయనకి కుదరలేదు.
చెవులు చూస్తే తెలిసిపోతుంది, మేకలు.
ఫాదర్ ఏమీ అనలేదు.

చీకటి పడ్డాక నా చేత కొవ్వొత్తి పట్టించి
ఎడమకి, ఇంకాస్త కిందకి, ఆగు,
తడి సిమెంటులో ఒక్కో ముక్కనీ
బొటనవేలితో వంచేవాడు.
పోర్టు బొగ్గుమసి కమ్మినప్పుడల్లా
శౌరమ్మ తడిగుడ్డ పట్టుకొచ్చేది, మేకల్ని తిట్టుకుంటూ.

తర్వాత హుద్‌హుద్ వచ్చి రేకులన్నీ ఎత్తుకుపోయింది.

పొద్దున్నే పరుగెత్తాం.
గోడ ఉంది. పన్నెండూ ఉన్నాయి.
పైనుంచి ఎండ కుండపోతగా పడుతున్నా
ఒక్క ముక్కా పలకలేదు.
కొవ్వొత్తి ఎత్తుకి వంచిన గాజు
సూర్యుడికి మొహం చూపించదు కదా.

నాన్న గట్టిగా నవ్వాడు.
విరిగిన బల్లల మధ్య మోకాళ్ల మీద కూచుని
జేబులో లైటరు వెతికాడు.
గాలి ఇంకా పూర్తిగా తగ్గలేదు.
చెయ్యి అడ్డం పెట్టాను.
నాలుగోసారి అంటుకుంది.

ఒక మేక చెవి.