పాచి

మా అమ్మ బతుకంతా పాచితోనే.
తెల్లారకముందే ధర్మవరం పేటలో నాలుగిళ్ళ పాచిపని,
మధ్యాహ్నం మా గాబులో పాచి.
కొబ్బరిపీచూ ఇటికెపొడీ పట్టుకొని
నడుముదాకా దిగి తోమేది.
"సందిస్తే సాలు, సవతి మాదిరి వచ్చి కూచుంటాది."

నేనిప్పుడు జీతం తీసుకొని పాచిని పెంచుతున్నాను.
అనంతపురం కాలేజీ, మూడో అంతస్తు, ఉత్తరపు గది.
గాజుబుడ్లలో పచ్చగా, పలచటి గోంగూర పులుసులా.
కరెంటు పోతే బిడ్డ ఏడ్చినట్టే ఉంటుంది నాకు.

పర్వీన్ మేడం నేర్పిన పని చిన్నదే:
అనుమానపు నీళ్ళలో ఒక చుక్క పాచి,
పావుగంట చీకటి,
తర్వాత నీలం దీపం ఒక్క క్షణం.
బాగున్న పాచి వెలుతురు తిని ఊరకుంటుంది.
విషం తగిలినదానికి మెతుకు దిగదు,
అందుకున్న వెలుతురును ఎర్రగా కక్కుతుంది.
మన కంటికి ఆనదు ఆ ఎరుపు.
మిషను చూసి అంకె చెబుతుంది.

మొన్న బుధవారం
అద్దకం కుళ్ళాయప్ప బానల కింది కాలువలో
ఒక సీసా ముంచుకున్నాను.
ఆయన చేతులు మోచేతిదాకా వంగపండు రంగు.
"మీ పాచి నా మీద ఏం సాడీలు చెబుతాదో" అని నవ్వి
తనే బిరడా బిగించి ఇచ్చాడు.
పోల్చి చూడను మంచినీళ్ళ సీసా ఒకటి కావాలి గదా,
మా ఇంటి బోరువి పట్టుకెళ్ళాను.

కుళ్ళాయప్ప సీసా అంకె ఎక్కింది. ఎక్కుతుందని తెలుసు.
రెండోది కూడా ఎక్కింది.
సీసాలు తారుమారయ్యాయేమోనని
బుడ్డి కడిగి, చీటీలు చూసుకొని, మళ్ళీ చీకట్లో పెట్టాను.
ఆ పావుగంటలో
ఉన్నట్టుండి మా గాబు గుర్తొచ్చింది.
ఉగాది నుంచీ దాన్ని ఎవరూ తోమలేదు.
గోడలు తెల్లగా, కొత్త గిన్నె మాదిరి.
"ఈ ఏడు పుణ్యం, పాచే పట్టలేదు" అని
అమ్మ వీధంతా చెప్పుకుంది.
నేనూ సంబరపడ్డాను, ఇంత పాచి చదువు చదివి.

మళ్ళీ అదే అంకె.
మేడం రాసుకుంది, నా మొహం చూడలేదు.
విషముందని చెబుతుంది గాని
దాని పేరు చెప్పలేదు పాచి.
పేరుకోసం సీసా హైదరాబాదు పోవాలంట,
మూడు వారాలంట.

ఇంటికొచ్చి
టిఫిను డబ్బాలో తెచ్చిన పచ్చనీళ్ళు గాబులో వంపాను.
అమ్మ పీచు పట్టుకొని లేచింది. "ఏందే అది?"
"పాచి. తోమొద్దు. ఆ నీళ్ళు తాగొద్దు."
"మరి ఏం తాగాల?"
దానికి నా దగ్గర మిషను లేదు.

నాలుగో రోజు పొద్దున
నేను లేచేసరికి, పాచిమొహంతోనే,
గాబు అంచున ఒంగి
గోడను వేలితో గీసి చూసుకుంటోంది.
"ఇంకా పట్టలేదే" అంది.