బియ్యం అయిపోయాయి

మన గదిలో బియ్యం డబ్బా
ఎప్పుడూ సగానికి దిగలేదు.
అయినా ఆ రాత్రి తొమ్మిదీ నలభైకి
నా ఫోన్‌లో నీ మాట వెలిగింది:
"బియ్యం అయిపోయాయా?"

బలగలో మేడ మీద బట్టలారేస్తూ
నవ్వుకుంటూ పెట్టుకున్న గుర్తు అది.
వస్తే వెంటనే ఫోన్ చెయ్యాలి,
నోటికొచ్చిన అబద్ధం ఆడాలి,
ఎందుకని మాత్రం అడగకూడదు.

సాయంత్రం నువ్వు కాటుక దిద్దుకుంటుంటే
వాడి కారు నంబరు క్యాలెండరు మీద
పాల లెక్క పక్కన పెన్సిల్‌తో రాశాను.
"ఏటే గుంటా, పోలీసుద్యోగం వొచ్చిందేటి?" అన్నావు.
కళింగపట్నం, లైట్‌హౌస్ దాటాక రెండో గెస్ట్‌హౌస్.
ఎవరి పుట్టినరోజో నీకూ సరిగ్గా తెలీదు.
ఖాళీ కడుపుతో వెళ్లొద్దంటే
రెండు ఇడ్లీలు నిలబడే తిన్నావు,
చట్నీ చున్నీ మీద పడకుండా వంగి.

ఫోన్ చేశాను.
"ఓనరమ్మ గేటుకి తాళం వేసేస్తోందే,
వచ్చేస్తావా, నన్ను రమ్మంటావా?"
అవతల పాట, పాట వెనక అలలు.
"నువ్వే రా" అన్నావు,
ఉప్పు తెమ్మన్నంత మామూలుగా.

మా ల్యాబులో గురమ్మక్క
తమ్ముణ్ణి నిద్రలేపి ఆటో తీయించింది.
అరసవల్లి దాటాక చీకటి,
గార దాటాక ఇంకా చీకటి.
అతను ఒక్క ప్రశ్న అడగలేదు.
బీడీ కూడా వెలిగించలేదు.

నువ్వు గేటు బయట, చెప్పులు చేత్తో పట్టుకుని,
లైట్‌హౌస్ వెలుగు తిరిగినప్పుడల్లా కనిపిస్తూ
పోయినప్పుడల్లా మాయమవుతూ.

దారిలో నువ్వే చెప్పావు.
ఫోన్ మాట్లాడ్డానికి వరండాలోకి వెళ్లి
తిరిగొచ్చేసరికి గ్లాసు
వదిలినప్పటికంటే నిండుగా ఉందట.
"ఇంకొంచెం" అన్నాడట.
వద్దంటే నవ్వి, మళ్లీ
"ఇంకొంచెం."

ఇంకొంచెం అంటే మన ఇళ్లల్లో
విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా
వేళ్ల సందుల్లోంచి జారే పప్పు.
అదే ప్రేమని నేర్చుకున్నాం ఇద్దరం.
ఆ రాత్రి నుంచి నేను
ఎవరికి వడ్డించినా, చెయ్యి అడ్డమొస్తే
గరిటె వెనక్కి తీసేస్తున్నాను.

"ఏమీ జరగలేదే" అన్నావు మూడుసార్లు.
రావడానికి ఏదో జరగాలా?
"నాదే తప్పేమో" అన్నావు ఒకసారి.
నచ్చినవాడితో సముద్రం చూడ్డానికి వెళ్లావు,
అందులో తప్పెక్కడుందో
గార నుంచి బలగ దాకా వెతికాను.
దొరకలేదు.

నా పంతొమ్మిదో ఏట, విజయనగరంలో,
నాకిలాంటి మాట ఒకటి లేదు.
అంతే. మిగతాది ఇందులో రాయను.

నీ పేరు ఆధార్‌లో తన్విత.
నాకు మాత్రం తవిటమ్మవే.
నీకు ముందు పుట్టిన ఇద్దరూ నిలవలేదని
మీ నాయనమ్మ నిన్ను పురిట్లోనే
చేటెడు తవుడుకి పక్కింటికి అమ్మేసి
మళ్లీ తెచ్చుకుంది,
చావుకి లెక్క తప్పాలని.
ఆవిడా అబద్ధమే ఆడింది.
ఆవిడది తవుడు, మనది బియ్యం,
ఒకే వడ్లగింజ.

మొన్న మళ్లీ కాటుక పెట్టుకున్నావు.
ఈసారి అసిరినాయుడు,
ఆమదాలవలసలో మోటార్లు చుట్టే షాపు.
కిందటిసారి నువ్వు రెండో గ్లాసు వద్దంటే
తన గ్లాసూ బోర్లించాడట.
"మంచోడే" అన్నావు.
కావొచ్చు అన్నాను.
బండి నంబరు రాశాను,
అదే పెన్సిలు, అదే పాల లెక్క పక్కన.
నువ్వేమీ అనలేదు,
తొమ్మిదిలో తోక సరిగ్గా లేదని దిద్దావు.

పదింటికి నీ మాట వచ్చింది:
"బియ్యం ఉన్నాయి. పడుకో."

పడుకోలేదు.
రేపటి వంటకని డబ్బా మూత తీస్తే
నిజంగానే అడుగంటాయి.
దుకాణం దగ్గర ఆగి రెండు కిలోలు తెమ్మందామని
ఫోన్ తీశాను,
సగం టైపు చేశాను,
చెరిపేశాను.
ఆ మాట పంపితే
నువ్వు పరిగెత్తుకొచ్చేస్తావు.

గేటు దగ్గర బండి ఆగేదాకా
ఖాళీ డబ్బా ఒళ్లో పెట్టుకుని
నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను.