ఎనిమిది మార్కులు

నల్లగొండ. స్పాట్ వాల్యుయేషన్. రెండో పూట.
ఫ్యాను తిరుగుతనే ఉంది, గాలి మాత్రం లేదు.
ఇరవై మూడో పేపరు. పేరుండదు, కోడు నంబరే.
ప్రశ్న: సోంఘాయ్ సామ్రాజ్య ఉత్థాన పతనములను వివరింపుము.

మొదటి పేజీ గైడు దించినట్టే ఉంది:
నైజర్ నది వంపు, గావో పట్నం, టింబక్టూ చదువులు,
ఉప్పు దిగిన కాడ బంగారం లేచుడు,
నడుమ ఎడారి, వేల ఒంటెలు.
టిక్కులు కొట్టుకుంట పోతున్న.

తఘాజా కాడ పెన్ను ఆగింది.
"ఆడ ఇండ్ల గోడలు ఉప్పుబండలే, పైన ఒంటెతోలు కప్పు.
చదివి వినిపిస్తే మా దాది నవ్వింది.
వానే రాని దేశం దొరికింది వాళ్లకు,
మనకైతే వాడపల్లి రేవుల సగం ఉప్పు ఏరే నాకేది అన్నది."
తండా పేరు కూడా రాసి, కొట్టేసి ఉంది.
రూలు యాదికొచ్చినట్టుంది,
రాసిండో, రాసిందో.

"మా ముత్తాత తాతకు నూటిరవై ఎడ్లంట సార్.
ముంగటెద్దు కొమ్ములకు గవ్వలు, నొసట అద్దం.
సముద్రం కాడ ఉప్పెత్తి, కృష్ణ దాటి,
దేవరకొండ మీంచి పాలమూరు దాక.
గవ్వలంటే టింబక్టూల పైసలు.
మా దాది రవికెకు ఇంకా నలభై ఉన్నయి.
ఆడైతే ఆమె ఉన్నోళ్ల లెక్క."

పతనానికి కీ పేపర్ల నాలుగు పాయింట్లు.
ఇక్కడ ఒక్కటే ఉంది:
"తోండిబి కాడ తుపాకుల మీదికి పసులమందను తోలిన్రు.
మోతకు మంద మర్లింది. తోలినోళ్లనే తొక్కింది.
మా ఎడ్లు రైలు కూతకు బెదరలే సార్.
రైలే మా ఎడ్లను చూడలే.
ఒక్కొక్కటే అమ్ముకున్నరు. ముంగటెద్దును ఎవరూ కొనలే.
చచ్చిందాక రోజూ పొద్దుగాల
గోనె వేసేదాక కదలకపోయేదంట, ఖాళీ గోనె అయినా సరే.

ఉప్పు గనుల్ల పనోళ్లకు తిండి ఒంటెల మీదనే పోయేది.
రాజ్యం పడ్డదని వాళ్లకు ఎవరు చెప్పిన్రో పుస్తకంల లేదు.
ఒంటెలు రాని మొదటి దినం వాళ్లు"

అంతే. గంట కొట్టినట్టుంది.

చీఫ్ సారు భుజం మీంచి తొంగిచూసిండు.
"వారసత్వ తగాదాలు లేవు, కరువు లేదు. నాలుగియ్యి."
నాలుగు వేసిన.
ఆయన చాయకు పోయినంక కొట్టేసి, ఆరు వేసిన.
కొట్టివేత పక్కన పొట్టి సంతకం.

పేజీ అంచుకు చెమట చెయ్యి ఆనిన మరక,
తెల్లగ ఎండి ఉంది.
పరీక్ష నాటిదో, ఇప్పటి నాదో.

ఇరవై నాలుగు.