దారి లేదు సార్

పలమనేరు దాటినాక తారు అయిపోయింది.
ఆ తర్వాత కంకర, ఆ తర్వాత బండ్లబాట,
ఆ తర్వాత నా జీపు, అంతే.

టైర్లలో గాలి సగం తీసేసినాను.
మెత్తబడిన రబ్బరు రాయిని కరుచుకుంటుంది.
మేస్త్రీ నేర్పిన పని ఇది, తిట్లతో సహా.

పక్క సీట్లో చెంగాలి, యానాదామె.
ఒళ్ళో గడ్డపార, కొంగులో తేనెపట్టు ముక్క.
"ఎడమకు" అంటుంది. ఎడమకు అన్నీ రాళ్ళే.
"రాళ్ళు కావబ్బోడా, అది వంక.
నీళ్ళు నడిచిన చోట నీ బండి నడవదా?"

నడిచింది. మొదటి గేరులో, మూలుగుతా.
క్లచ్చి కాలిన వాసన, సీతాఫలం ఆకు వాసన.
కింద యాక్సిలు బండకు గీసుకుని
నిద్దట్లో పండ్లు నూరినట్టు ఒక చప్పుడు.
"గుట్ట పలకరిస్తా ఉండాది" అని నవ్వింది.

నేలంతా వాన కోసిన గండ్లు.
ఎర్రమన్ను కరిగిపోయి పక్కటెముకలు తేలినాయి.
అక్కడ ఇంజను ఆపమనింది.
రేడియేటరు ఉడుకు తప్ప ఇంకో చప్పుడు లేదు.
వంగిన బండ కిందికి పాక్కుంటా పోయినాను.

ఎరుపు.
ముందు ఎరుపే కనిపించింది, ఆకారం తర్వాత.
మూపురమున్న ఎద్దు. దాని వెనక పుల్లల్లాంటి మనుషులు
చెయ్యి చెయ్యి పట్టుకుని, వేటకో, ఆటకో.
ఒకడికి మాత్రం కాళ్ళు లేవు.
"గీసేది మరిచిపోయినాడా?" అన్నాను.
"వాన వచ్చింటుంది" అనింది చెంగాలి,
నిన్నటి సంగతి చెప్పినట్టు.

పక్కనే ఒక అరచెయ్యి అచ్చు.
మా పాప చెయ్యంత.
చిటికెన వేలు కొంచెం వంకర.

"ఎవురు గీసినారు?"
"మావోళ్ళే అనేది మా అవ్వ.
మీవోళ్ళు పాండవులంటారు.
పాండవులకి పుట్టతేనె తీసేది తెలుసునా?"
చూస్తే, నిజమే, ఆ మూలన
నిచ్చెన మీద ఒక మనిషి, చుట్టూ చుక్కలు.

దిగేటప్పుడు స్టెప్నీ మార్చాల్సొచ్చింది.
మన్ను చేతుల్తో బానెట్ మీద ఆనుకున్నాను.

వారం తర్వాత చిత్తూరులో, టీ కొట్టు కాడ
క్వారీ మనిషి మ్యాపు పరిచినాడు
నా జీపు బానెట్ మీదనే.
"గుట్ట మీదికి నీ బండి ఎక్కుతుందంట గదా?
రోజుకు మూడు వేలు."

మూడు వేలు. డీజిలు పోను,
పాప ఫీజు, ఇంజను బోరు పని.
గ్లాసులో టీ మీద మీగడ కట్టింది.

"లేదు సార్. దారి లేదు. యాక్సిలు విరుగుతుంది."

ఆయన మ్యాపు మడిచినాడు.
దాని కింద నా చెయ్యి, ఎర్రగా, అయిదు వేళ్ళూ.
కడగబుద్ధి కాక వదిలేసింది.

వేలితో గీరి, ముక్కు కాడ పెట్టుకుని,
"ఈ మన్ను యాడిదబ్బా?" అన్నాడు.