కొంగు విదిలించిన చోట

పలమనేరు మండీలో లోడు ఎత్తేసరికి తెల్లారుజాము నాలుగు.
మున్నూట అరవై క్రేట్లు.
తొమ్మిదికంతా కోయంబేడులో ఉండాల.
బండి ముందర నిమ్మకాయ, ఎండు మిరపకాయలు
ఎప్పట్లాగే నా పెండ్లాం కట్టింది.

మొగిలి ఘాట్‌లో దిగతా ఉంటే
బ్రేకు మీద పెట్టిన కాలు
నీళ్లలో పెట్టినట్టుగా దిగిపోయింది.
క్లీనర్ చెంగల్రాయుడు "అన్నా" అన్నాడు.
ఆ ఒక్క మాటే.
మిగతాదంతా లోయ చెప్పింది.

తలకిందులుగా వేలాడతా చూసినాను
లోకం ఎర్రగా దొర్లిపోతా ఉండడం.
ఏది నా నెత్తురో, ఏది టమాటా రసమో
నాకే తెలీలేదు,
ఊర్లోంచి పరిగెత్తుకొచ్చినోళ్లకు ఏం తెలుస్తుంది?
సంచులు తెచ్చినారు, బిందెలు తెచ్చినారు,
ఒకాయన తలగుడ్డ విప్పి నేల మీద పరిచినాడు.
ఆ వారం కిలో ఎనభై.
నేను తప్పు పట్టను.
వాళ్ల తావులో ఉంటే నేనూ వంగి ఏరుకుందును.

పగిలిన అద్దంలోంచి నా చెయ్యొకటే బయట.
దాని పక్కన కాయలు కూడా ఏరుకున్నారు.

అప్పుడొక కొంగు ఆగింది.
నిండు కొంగు, రెండు కేజీలకు తక్కువుండదు.
ఆమె నా చెయ్యి చూసింది.
కొంగు చూసుకుంది.
విదిలించేసింది.

నేల మీద టపటపా పడిన ఆ చప్పుడే
నేను విన్న మొదటి ప్రసంగం.

క్రేన్ వచ్చేదాకా గంటన్నర
నా చెయ్యి వదల్లేదు.
నీ పేరేంది, పిల్లోళ్లెందరు, ఏ కూరంటే ఇష్టం,
అడిగి అడిగి నన్ను నిద్దరపోనీలేదు.
మధ్యమధ్యలో ఇంకెవరితోనో మాట్లాడతా ఉంది,
"వీణ్ణి పోనీవద్దు ప్రభువా, ఇద్దరాడబిడ్డలంట"
పక్కింటాయనకు చెప్పినంత చనువుగా.
పానం పోతా ఉన్నా
ఆ పక్కింటాయన ఎవరో చూడాలనిపించింది నాకు.

చిత్తూరాసుపత్రిలో నలభై రెండు కుట్లు.
నడక రాంగానే ఆమెను వెతుక్కుంటా పోయినాను.
బంగారుపాళెం అవతల రేకుల చర్చి,
లోపల చాపలు దులుపుతా రాహేలమ్మ.
కాళ్ల మీద పడితే వెనక్కి జరిగింది.
"లెయ్ లెయ్. నేనూ టమాటాలకే వచ్చినానబ్బా.
ఆయన నా చేతులు ఖాళీ చేసినాడు, అంతే."

ఆ "అంతే" కాడ కూలబడినాను.
రెండేండ్లయింది, ఇంగా అక్కడే ఉండాను,
వెనక చాప మీద, తలుపు పక్కన.

చెంగల్రాయుడికి మోకాలి కింద కాలు లేదు.
అరగొండ రోడ్డులో సోడాల బంకు పెట్టుకున్నాడు.
"మీ దేవుణ్ణి అడుగన్నా,
ఆ టమాటాల్లో నా కాలు యాడన్నా కనపడిందేమో"
అంటాడు, నవ్వతానే.
నా కాడ జవాబు లేదు.
పాస్టర్ దేవసహాయం కాడా లేదు.
ఉందని ఆయన అబద్ధం చెప్పలేదు,
అందుకే ఆయన్ని నమ్మినాను.
దినమ్మూ ఒక నిమ్మసోడా తాగొస్తాను.
దాన్ని కూడా ప్రార్థన కిందే రాసుకో తండ్రీ అంటాను.

నా పెండ్లాం ఇంగా నిమ్మకాయ కడతానే ఉంది.
కట్టనీ.
నా కోసం బయపడే చేతులవి.

మొదటిసారి బల్ల కాడ
బొటనవేలంత గ్లాసులో ఆ ఎరుపు పోసిచ్చినప్పుడు
చెయ్యి వణికి సగం చొక్కా మీద పడింది.
పక్కనాయన తువ్వాలిచ్చినాడు.
తుడుచుకోలేదు.
ఇది ఎవరి నెత్తురో
ఈ తూరి నాకు తెలుసు.

మొన్న కోత పండగ వేలంపాటలో
నేనిచ్చిన క్రేటు ముందుకొచ్చింది.
నూరన్నారొకరు, నూటిరవై అన్నారింకొకరు.
రాహేలమ్మ లేచి "పది రూపాయలు" అన్నది.
అందరూ నవ్వినారు.
పాస్టర్ గంబీరంగా మూడుసార్లు లెక్కబెట్టి
పదికే కొట్టేసినాడు.

ఆమె కొంగు పట్టింది.
నేను ఒక్కొక్కటే ఏస్తా ఉండాను.
"నిండింది, చాలబ్బా" అంటా ఉంది.
నేనింకా ఏస్తానే ఉండాను.