పసుపు అంచు

రొవీన్యో రేవులో ఒండీనా అత్త
సార్డీన్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చి
చేతులు మూడుసార్లు నిమ్మచెక్కతో రుద్దుకుని
మిషను ముందు కూర్చునేది.
జెండాకి చేప వాసన పనికిరాదట.

ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు:
ఇటాలియన్ మాట్లాడే మాది.
నడుమ ఎర్ర చుక్క: అందరిదీ.
కొలతల కాగితం పులా నుంచి వచ్చింది, ముద్రతో సహా.
చుక్క కొన ఒకటి పక్క చారలోకి పోతుంది.
"ఎరుపు మీద ఎరుపు ఆనదురా,
అందుకే ఈ పసుపు అంచు" అనేది,
గుండుసూదులు పంటికింద పట్టుకునే.

మే ఒకటిన మూడు జెండాలు:
యుగోస్లావియాది, రిపబ్లిక్‌ది, మాది.
మా కర్ర కాస్త పొట్టి.
ఎందుకని అడిగాను.
"కర్ర ఎంతుంటేనేం, గాలి ఒకటేగా" అంది.
ఆ రాత్రి దీపం ఆర్పాక కూడా
చాలాసేపు మిషను ముందే కూర్చుంది.

తొంభై ఒకటిలో సంఘం సెక్రటరీ లిబెరో
పాత జెండాలన్నీ గోనెసంచిలో తెచ్చాడు.
చుక్కలు విప్పాలట. సాయంత్రానికల్లా.
విప్పింది.
బ్లేడుతో, కుట్టు తర్వాత కుట్టు,
మానని పుండు మీద కట్టు విప్పినట్టు.

కింద బట్ట వెలవలేదు.
ఎండ తినని తెలుపు, ఐదు కొనలతో,
చుట్టూ సూది కన్నాలు.
లిబెరో కిటికీకి ఎత్తిపట్టి చూశాడు.
"ఇంకా కనిపిస్తోందే!"
"ఎండలో పెట్టు" అంది అత్త,
"ఓ పదేళ్లు."

విప్పిన పసుపు దారం వేలికి చుట్టి
బొత్తాల డబ్బాలో పడేసింది.
మొన్న నా కోటు బొత్తం ఊడింది.
నల్ల కోటు.
ఇంట్లో ఇంకే దారమూ దొరకలేదు.